అభయప్రదానం

హైదరాబాదులో తార్నాక కూడలిని ఎరుగనివారు అరుదు. ‘తార్’ అంటే తీగ. ‘నాకా’ అంటే కావలివారు నిలిచే చోటు. పూర్వం ఈ ప్రాంతంలోని తోటల చుట్టూ తీగ కంచె, ఆ కంచె దగ్గర ఒక నాకా ఉండేవని, ఆ రెండు మాటలే కలిసి తార్నాక అయిందని పెద్దలు చెబుతారు. లోపలికి ఎవరు రావచ్చునో, ఎవరు రాకూడదో తేల్చడమే నాకా పని.

నేడు ఆ కంచె లేదు. కూడలికి సమీపంలో 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉన్నది. దానికి ఆనుకొని, 1958లో చిన్న సంస్థగా ఆరంభమై 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయంగా ఎదిగిన ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఉన్నది. తెలుగు పల్లెల నుంచి, ఈశాన్య రాష్ట్రాల నుంచి, ఆఫ్రికా, పశ్చిమాసియా దేశాల నుంచి వచ్చిన విద్యార్థులు ఈ ప్రాంగణాలలో చదువుకొంటున్నారు. చుట్టుపక్కల వీధులలో అద్దె గదులు తీసుకొని ఉంటున్నారు. వారిలో కొందరి స్వస్థలాలలో జాతి వైరాలు రగులుతున్నాయి. ఊరి నుంచి ఫోను వస్తే, ఏ వార్త వినవలసి వస్తుందోనని గుండె చిక్కబట్టుకొనేవారు వారిలో ఉన్నారు.

నేల మీది కంచెను పెరికివేయడం సులభం. మనసులోని నాకాను ఎత్తివేయడం కష్టం. రెండు వర్గాల మధ్య వైరం పెచ్చుమీరిన వేళ, ఎదుటి వర్గానికి చెందినవాడు ప్రాణభయంతో వాకిట నిలబడితే తలుపు తీయాలా, వద్దా? ఈ ప్రశ్న గృహస్థుకు ఎదురవుతుంది, మఠానికి ఎదురవుతుంది, విద్యాలయానికి కూడా ఎదురవుతుంది. దానికి చెప్పే సమాధానాన్ని బట్టే ఆ ఇంటి, ఆ మఠం, ఆ విద్యాలయం విలువ తెలుస్తుంది.

శరణు, అభయం అనే రెండు మాటలు మన సాహిత్యానికి కొత్తవి కావు. ఆపదలో ఉన్నవాడు కోరేది శరణు. సమర్థుడు ఇచ్చేది అభయం. రామాయణంలో విభీషణుడు శత్రుశిబిరం నుంచి వచ్చి శరణు కోరిన ఘట్టం అందరికీ తెలిసినదే. అయితే అందులో ఒక సూక్ష్మం ఉన్నది. ఆ సమయంలో రాముడికి అడ్డు చెప్పినది శత్రువులు కారు, సొంత మిత్రులే. సుగ్రీవుడు వద్దన్నాడు. వచ్చినవాడు గూఢచారి కావచ్చునని, అదను చూసి దెబ్బ తీస్తాడని హెచ్చరించాడు. ఆ అనుమానం నిరాధారమైనదని చెప్పలేము. యుద్ధం ముంగిట నిలిచిన సేనానికి అది సహజమైన జాగ్రత్తయే. రాముడు ఆ మాటలను తేలికగా తోసివేయలేదు. అందరి అభిప్రాయమూ విన్నాడు. విన్న తరువాత, శరణన్నవాడు రావణుడే అయినా అభయం ఇస్తానన్నాడు. ఆనాడు రాముడు మొదట ఒప్పించవలసి వచ్చినది తనవారినే.

మహాభారతంలోని శిబి కథ ఇంకొక సత్యాన్ని చెబుతుంది. డేగ తరుముతుండగా పావురం వచ్చి శిబి చక్రవర్తి ఒడిలో వాలింది. డేగ తన ఆహారాన్ని తనకు ఇమ్మన్నది. ఆకలితో ఉన్న డేగ వాదంలోనూ న్యాయం ఉన్నది. శిబి పావురాన్ని విడువలేదు. డేగను దూషించనూ లేదు. పావురానికి సరితూగే మాంసాన్ని తన శరీరం నుంచి కోసి ఇచ్చాడు. అంటే, అభయానికి ఒక మూల్యం ఉన్నది. దానిని ఇచ్చినవాడే చెల్లించాలి. పొరుగువాడి సొమ్ముతో చేసే దానం దానం కానట్లే, తాను ఏ నష్టానికీ సిద్ధపడకుండా పలికే అభయం అభయం కాదు.

ఇవి పురాణకథలకే పరిమితమైన ఆదర్శాలు కావు. తెలుగునేల మీద వీటిని ఆచరించిన ఆనవాళ్లు శాసనాలలో కనిపిస్తాయి. నాగార్జునకొండలో క్రీ.శ. మూడవ శతాబ్దం నాటికే సింహళదేశపు భిక్షువులకు ప్రత్యేకంగా ఒక విహారం ఉండేది. కాకతీయ గణపతిదేవుడు 1244–45 ప్రాంతంలో మోటుపల్లి రేవులో వేయించిన శాసనాన్ని చరిత్రకారులు అభయశాసనమనే పిలుస్తారు. తుఫానులో చిక్కి ఒడ్డుకు కొట్టుకొని వచ్చిన పరదేశి ఓడలలోని సరుకును పూర్వరాజులు స్వాధీనం చేసుకొనేవారు. గణపతిదేవుడు ఆ పద్ధతిని మాన్పించి, నియమిత సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని సముద్రవర్తకులకు మాట ఇచ్చాడు. ఆపదలో పడిన పరదేశిని దోచుకోరాదని ఒక రాజు రాతిమీద చెక్కించిన మాట అది.

రుద్రమదేవి కాలానికి చెందిన మల్కాపురం శాసనం 1261 నాటిది. కృష్ణానదికి దక్షిణపుటొడ్డున, నేటి గుంటూరు జిల్లాలోని మందడం గ్రామంలో విశ్వేశ్వర శివాచార్యులు నెలకొల్పిన గోళకీ మఠ వ్యవస్థను ఆ శాసనం వర్ణిస్తుంది. అక్కడ శైవమఠంతోపాటు విద్యాలయం, ఆరోగ్యశాల, ప్రసూతిశాల, అన్నసత్రం ఉండేవి. బ్రాహ్మణుడు మొదలు చండాలుడి వరకు ఎవరు వచ్చినా సత్రంలో అన్నం పెట్టాలన్నది అక్కడి నియమం. వర్ణభేదాలు బలంగా ఉన్న కాలంలో, ఆకలితో వచ్చినవాడి కులం అడగకుండా విస్తరి వేయడం సామాన్యమైన విషయం కాదు. చదువుచెప్పే చోటు, వైద్యం చేసే చోటు, అన్నం పెట్టే చోటు ఒకే ఆవరణలో ఉండేవని కూడా ఈ శాసనం వల్ల తెలుస్తున్నది. నేటి విశ్వవిద్యాలయానికి అది ఒక పూర్వరూపం.

కొన్ని శతాబ్దాల తరువాత, మన పొరుగుదేశమైన మయన్మార్‌లో ఒక బౌద్ధ విహారానికి ఇటువంటి పరీక్షే ఎదురైంది. ఆ దేశపు నడిభాగాన మెయిక్తీలా అనే పట్టణం ఉన్నది. 2013 మార్చి 20న అక్కడ ఒక బంగారు నగల దుకాణంలో బేరం దగ్గర మొదలైన తగవు బౌద్ధులకు, ముస్లింలకు మధ్య పెద్ద ఘర్షణగా మారింది. ఆనాడే ఒక బౌద్ధభిక్షువు హత్యకు గురికావడంతో పట్టణం అట్టుడికిపోయింది. ఇళ్లు, మసీదులు తగులబడ్డాయి. నలభైమందికి పైగా మరణించారు. మృతులలో ఒక మతపాఠశాల విద్యార్థులు, అధ్యాపకులు కూడా ఉన్నారు. వేలాదిమంది నిరాశ్రయులయ్యారు.

ఆ పట్టణంలోని యదనా ఊ విహారానికి ఊ విథుద్ధ అనే భిక్షువు అధిపతి. ప్రాణాలు అరచేత పట్టుకొని పరుగెత్తుకొని వచ్చిన ముస్లిం కుటుంబాలకు ఆయన విహారద్వారాలు తెరిపించాడు. ఇళ్లు కోల్పోయిన బౌద్ధులూ అక్కడికే చేరుకొన్నారు. మొత్తం దాదాపు వెయ్యిమందికి ఆ ఆవరణ ఆశ్రయమైంది. వారికోసం వెదుకుతూ ఒక మూక ద్వారం దాకా వచ్చింది. ఆ మూకలోనివారు విథుద్ధకు పరాయివారు కారు. ఆయన మతస్థులు, ఆయన భిక్షాపాత్రలో అన్నం వేసే పట్టణవాసులు. లోపలివారిని అప్పగించమని వారు పట్టుబట్టారు. తాను కష్టంలో ఉన్నవారికి సాయం చేస్తున్నానని, వారిని తీసుకొనిపోవాలంటే ముందు తనను చంపవలసి ఉంటుందని ఆయన సమాధానమిచ్చాడు. మూక వెనుదిరిగింది. 2015లో ప్రపంచ మతాల పార్లమెంటు సంస్థ ఆయనతోపాటు మరి ఇద్దరు మయన్మార్ భిక్షువులను ఓస్లో నగరంలో సత్కరించింది.

ఈ సంఘటనలో గమనించవలసిన అంశం ఒకటి ఉన్నది. తనవాడికి ఆశ్రయం ఇవ్వడం బంధుధర్మం. దానిని ఎవరైనా చేస్తారు, చేయకపోతేనే తప్పు. పరాయివాడికి ఆశ్రయమిచ్చి, అతడికోసం తనవారి ఎదుట నిలబడడం మాత్రం వ్రతం. శత్రువును ఎదిరించినవాడికి వెనుక నుంచి జయజయధ్వానాలు వినిపిస్తాయి. తనవారినే ఎదిరించినవాడికి ఆ బలం ఉండదు. అతడిని ద్రోహి అంటారు. అతడి ఇంటికి రాకపోకలు మానివేస్తారు. భిక్షువు విషయంలో అయితే, మరునాటి భిక్షయే సందేహంలో పడుతుంది. సన్న్యాసి పూర్వాశ్రమపు పేరును, కులాన్ని, బంధుత్వాన్ని వదలుకోవడం ఎందుకో ఇటువంటి వేళ తెలుస్తుంది. ‘నీవు ఎవరివాడివి?’ అని మూక అడిగినప్పుడు, ‘ఎవరివాడినీ కాను, కనుకనే అందరివాడిని’ అని చెప్పగలగడానికే ఆ త్యాగం.

అయితే కాషాయం కట్టినంతమాత్రాన ఈ గుణం అబ్బదు. మయన్మార్‌లో అదే కాలంలో, అదే వస్త్రం ధరించిన కొందరు ఊరూరా తిరిగి ద్వేషాన్ని బోధించారు. 1994లో ఆఫ్రికాలోని రువాండాలో జాతి హననం జరిగినప్పుడు, సోవు అనే చోట ఉన్న క్రైస్తవ సన్న్యాసినుల మఠాన్ని నమ్మి వేలాదిమంది టుట్సీలు ఆశ్రయం కోసం వచ్చారు. వారిలో అత్యధికులు అక్కడే హతులయ్యారు. ఆ హత్యలలో సహకరించారన్న నేరం రుజువై ఇద్దరు సన్న్యాసినులకు 2001లో బెల్జియం న్యాయస్థానం కారాగారశిక్ష విధించింది. దీనికి భిన్నంగా, 1999లో కొసావోలో సెర్బులకు, అల్బేనియన్లకు పోరు సాగుతున్నప్పుడు, దెచాని అనే ప్రాచీన మఠంలోని సెర్బు సన్న్యాసులు అల్బేనియన్ కుటుంబాలను సెర్బు సాయుధుల బారి నుంచి కాపాడారు. 2014లో మధ్య ఆఫ్రికా గణతంత్రంలోని బోసెంప్టెలె అనే పట్టణంలో బెర్నార్డ్ కిన్వీ అనే క్రైస్తవ గురువు, తన మతస్థులే ఎక్కువగా ఉన్న సాయుధ మూకల నుంచి వందలాది ముస్లింలను తన ఆసుపత్రి ఆవరణలో దాచి రక్షించాడు. మఠాల గోడలు అన్నిచోట్లా రాతివే, ఇటుకవే. వాటి లోపల ఉన్న మనుషుల నిర్ణయమే ఒకచోట ప్రాణం నిలిపింది, మరొకచోట తీసింది.

ఇవన్నీ ఎక్కడివో దూరదేశాల సంగతులనుకొంటే పొరపాటు. ఒకప్పుడు శరణు కోరుతూ పరదేశపు వాకిళ్లలో నిలిచినవారిలో తెలుగువారూ ఉన్నారు. కాకినాడకు చేరువలోని కోరంగి రేవు నుంచి ఓడలెక్కి బర్మాకు వలసవెళ్లిన తెలుగువారిని అక్కడివారు కోరంగీలనే పిలిచేవారు. రంగూను రేవులో సరుకు దించి, ఎక్కించే పని చాలావరకు వారిదే. 1930 మే నెలలో వారు కూలి పెంచాలని సమ్మె చేశారు. ఓడ సరుకుల కంపెనీలు వారి స్థానంలో బర్మీయులను పెట్టుకొన్నాయి. రాజీ కుదిరి పాతవారు తిరిగి రాగానే కొత్తవారిని పొమ్మన్నాయి. మే 26న రేవులో ఆ రెండు పేద వర్గాల మధ్య పుట్టిన కొట్లాట నగరమంతా వ్యాపించింది. వందమందికి పైగా మరణించారు. వారిలో ఎక్కువమంది భారతీయులు. వేలాదిమంది భారతీయులు ప్రాణభయంతో నగరంలోని పాత పిచ్చాసుపత్రి ఆవరణలో తలదాచుకొన్నారు. 1938లో మళ్లీ అల్లర్లు జరిగాయి. 1942లో జపాను సేనలు రాగా లక్షలాది భారతీయులు అడవులు, కొండలు దాటి కాలినడకన స్వదేశం చేరుకొన్నారు. దారిలో నేలకొరిగినవారు వేలల్లో ఉన్నారు. 1960ల తరువాత తిరిగివచ్చిన కుటుంబాల జ్ఞాపకంగా విశాఖపట్నంలో బర్మా క్యాంపు అనే పేరు నేటికీ నిలిచి ఉన్నది. ఆ కుటుంబాల మనుమలకు, మనుమరాండ్రకు శరణార్థి అనే మాటకు అర్థం నిఘంటువులో వెదకవలసిన అవసరం లేదు.

కాలచక్రం తిరిగింది. అదే బర్మా, నేటి మయన్మార్, నుంచి తరిమివేతకు గురైన రోహింగ్యాలు కొన్నివేలమంది హైదరాబాదు పాతనగరపు శివారులలో, బాలాపూరు వంటి చోట్ల గుడిసెలు వేసుకొని బ్రతుకుతున్నారు. వారి విషయంలో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. దేశానికి సరిహద్దులు ఉన్నాయని, వాటిని కాపాడడం ప్రభుత్వ ధర్మమని ఒక వాదం. ఇక్కడి పేదవారికే కూడు, గూడు చాలనప్పుడు పైవారిని ఎట్లా పోషించగలమని మరొక వాదం. వచ్చినవారిలో నేరగాళ్లు ఉండవచ్చునన్నది ఇంకొక భయం. సుగ్రీవుడి అనుమానం వంటివే ఈ వాదాలు; వీటిని చులకన చేయరాదు. ఎవరు ఎంతకాలం ఉండాలో, ఎవరిని ఎప్పుడు పంపాలో చట్టం తేల్చాలి. నేరం చేసినవాడిని, అతడు ఎవరైనా, చట్టమే శిక్షించాలి.

కాని చట్టం తీర్పు చెప్పేలోగా ఒక రాత్రి గడవాలి. ఆ రాత్రి చలికి వణికే పసిబిడ్డకు సరిహద్దు అంటే ఏమిటో తెలియదు. మన దేశం 1951 నాటి అంతర్జాతీయ శరణార్థుల ఒప్పందంపై సంతకం చేయలేదు. అయినా 1959 నుంచి టిబెట్టువారిని, 1971లో తూర్పు పాకిస్తాను నుంచి వచ్చిన దాదాపు కోటిమందిని, 1983 తరువాత శ్రీలంక తమిళులను ఆదరించింది. మన రాజ్యాంగంలోని 21వ అధికరణం ప్రాణరక్షణను పౌరులకు మాత్రమే కాక ప్రతి వ్యక్తికీ హామీ ఇస్తున్నది. 1996లో అరుణాచల్ ప్రదేశ్‌లోని చక్మాల వ్యవహారంలో సుప్రీంకోర్టు ఈ విషయాన్నే స్పష్టంచేసి, వారి ప్రాణాలను కాపాడవలసిన బాధ్యత రాష్ట్రప్రభుత్వానిదని ఆదేశించింది. 1964లో తూర్పు పాకిస్తాను నుంచి నిరాశ్రయులై వచ్చిన బౌద్ధులు ఆ చక్మాలు. 1994 సెప్టెంబరు చివరిలోగా రాష్ట్రం విడిచిపొమ్మని వారికి హెచ్చరిక జారీచేసినది ఎవరో కాదు, ఆ రాష్ట్రపు విద్యార్థి సంఘం. స్థానికుల భూమి, భాష, ఉపాధి గురించి ఆ విద్యార్థులకు కలిగిన ఆందోళనలో నిజం లేకపోలేదు. అయినప్పటికీ, నోరులేని వారికి అండగా నిలవవలసిన యువతరమే నాకా దగ్గర కావలివారి స్థానంలో నిలవడం విద్యావంతులు ఆలోచించవలసిన విషయం.

అందుకే ఈ చర్చ తిరిగి తార్నాక వైపు, విశ్వవిద్యాలయ ప్రాంగణం వైపు రావలసి ఉన్నది. 2023 మే 3న మణిపూర్‌లో రెండు జాతుల మధ్య హింస చెలరేగింది. రెండువందల యాభైమందికి పైగా మరణించారు. అరవైవేలమంది ఇళ్లు విడిచిపోయారు. అక్కడ చదువుకొంటున్న తెలుగు విద్యార్థులను మన రెండు రాష్ట్రాల ప్రభుత్వాలు ప్రత్యేక విమానాలలో ఇంటికి చేర్చాయి. తల్లిదండ్రులు ఊపిరి పీల్చుకొన్నారు. అది తనవారిని కాపాడుకొనే ధర్మం, అభినందించవలసినదే. అయితే అదే సమయంలో హైదరాబాదు విశ్వవిద్యాలయాలలో చదువుతున్న మణిపురి విద్యార్థులకు వెళ్లడానికి ఊరు లేదు. వైరివర్గాలకు చెందిన విద్యార్థులు ఒకే గ్రంథాలయంలో చదువుకోవలసినవారు, ఒకే భోజనశాలలో తినవలసినవారు. అటువంటి వేళ పక్కగదిలోని తోటి విద్యార్థి తలుపుతట్టి, ‘మీ ఇంట్లో అందరూ క్షేమమేనా?’ అని అడగడం చిన్న పనిగా కనిపించవచ్చు. గది అద్దెకు ఇచ్చే యజమాని ముఖకవళికలు చూసి కాక మనిషిని చూసి తాళంచెవి ఇవ్వడం కూడా చిన్న పనియే. నీవు ఏ పక్షమని నిలదీసేవారి మధ్య నుంచి ఒక విద్యార్థి లేచి, అటువంటి ప్రశ్న ఇక్కడ చెల్లదని చెప్పడం మాత్రం అంత చిన్నది కాదు. ఆ విద్యార్థి ఆ క్షణంలో విహారద్వారం దగ్గర నిలిచిన భిక్షువుతో సమానుడు.

మఠం కోసం బంధుత్వాన్ని వదలుకొన్నవాడు సన్న్యాసి. విద్యకోసం ఇల్లు విడిచివచ్చినవాడు విద్యార్థి. ప్రాచీనులు విద్యార్థి దశను కూడా ఒక ఆశ్రమంగా పరిగణించడంలో ఔచిత్యం ఉన్నది. కులం, ప్రాంతం, మతం అనే మూటలను వాకిట దించి లోపలికి అడుగుపెట్టవలసిన చోటు విద్యాలయం. 1939లో ప్రారంభమైన ఉస్మానియా ఆర్ట్స్ కళాశాల భవనంలో హిందూ దేవాలయాల స్తంభాలను తలపించే స్తంభాలు, ఇస్లామీయ కమానులు ఒకదాని బరువును ఒకటి మోస్తూ నిలిచి ఉన్నాయి. రాళ్లకు సాధ్యమైన పొందిక వాటి నీడలో చదివే మనుషులకు అసాధ్యం కారాదు.

శరణన్నవాడికి అభయమివ్వడానికి రాజ్యాలు, ధనరాశులు అక్కరలేదు. శిబి వంటి త్యాగం అందరినీ ఎవరూ అడగరు. కొంచెం చోటు, కొంత అన్నం, తనవారిచేత మాటపడగల ధైర్యం ఉంటే చాలు. తార్నాకలో తీగ పోయింది. పేరు మాత్రం మిగిలింది. నేడో రేపో ఎవరో ఒకరు బెదురుచూపులతో వచ్చి తలుపు తడతారు. ఆనాడు లోపల ఉన్నవారు ఆ పేరులోని కావలివాడిగా నిలుస్తారా, మందడం సత్రంలో కులం అడగకుండా విస్తరి వేసిన వడ్డనకర్తగా నిలుస్తారా అన్నది వారు చదివిన చదువే నిర్ణయించాలి.